ఇంటిపై భార్య పేరు చేర్చాలా? ఇవి తెలియకపోతే ఇబ్బందే!

విశాఖపట్నం: స్టీల్ ప్లాంట్‌లోనో, పోర్టులోనో ఏళ్ల తరబడి పనిచేసి గాజువాక వైపు ఓ ఇల్లు కట్టుకున్నారు. దస్తావేజు మాత్రం భర్త పేరు మీదే ఉంది. ఆయన వీలునామా రాయకుండా చనిపోతే ఆ ఇల్లు మొత్తం భార్యకే వస్తుందా? రాదు. హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం స్వార్జిత ఆస్తిలో భార్య, పిల్లలతో పాటు ఆయన తల్లికీ సమాన వాటా ఉంటుంది. (తండ్రికి ఉండదు, చాలామందికి తెలియని పాయింట్ ఇదే.) తల్లి, ఇద్దరు పిల్లలు ఉంటే భార్యకు దక్కేది నాలుగో వంతే. పిల్లలు మైనర్లైతే వాళ్ల వాటా అమ్మడానికి కోర్టు అనుమతి కూడా కావాలి.

జీవీఎంసీ ఇంటి పన్ను రసీదులో పేరు మార్పిస్తే చాలనుకోవద్దు. అది హక్కు పత్రం కాదు. భార్యకు సగం వాటా ఇవ్వాలంటే దాన సెటిల్‌మెంట్ దస్తావేజు రాసి, ఇద్దరు సాక్షులతో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించాలి. స్టాంప్ డ్యూటీ కట్టాలి. హోమ్‌లోన్ నడుస్తుంటే ముందు బ్యాంకు ఒప్పుకోవాలి. ఒకసారి ఇచ్చేశాక మనసు మారిందని తనంతట తాను రద్దు చేసుకోవడం కుదరదు. కాబట్టి తొందరపడొద్దు.

సగం రాసిచ్చినా మిగతా సగం దానంతటదే ఆమెకు రాదు. పై ఉదాహరణలో ఆ సగానికీ నలుగురు వాటాదారులే. అంటే మొత్తం ఇంట్లో ఆమెది ఎనిమిదింట ఐదు వంతులు. మిగిలింది కూడా ఆమెకే చెందాలంటే వీలునామా రాయాల్సిందే. దీనికి స్టాంప్ డ్యూటీ లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఇద్దరు సాక్షుల సంతకాలు మాత్రం ఉండాలి. బతికున్నంత కాలం ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు వారసత్వ నిబంధనలు వేరు.