వేడ్ దారిలో ఫిబ్రవరి

నర్సీపట్నం నుంచి మా పిన్ని కొడుకు స్కాట్లండ్ వస్తున్నాడు, ఇన్వర్నెస్‌లో మా ఇంటికి. డిసెంబరులోనే బయల్దేరబోతే నేనే ఆపాను. అప్పుడిక్కడ పగలు ఏడు గంటలైనా ఉండదు. ఫిబ్రవరి సగానికి తొమ్మిది దాటుతుంది.

"అన్నా, కొండెక్కడమంటావు, మళ్లీ సైకిలంటావు. ఏదో ఒకటి తేల్చు" అన్నాడు ఫోన్లో. రెండూ అన్నాను. లాగన్ వైపు జనరల్ వేడ్ కట్టించిన గార్వా వంతెన దాకా కారు. అక్కణ్ణుంచి కొరియారిక్ కనుమకు తొక్కినంత తొక్కడం, మంచు తగిలాక తోయడం, పైన సైకిళ్లు వదిలేసి పక్క కొండ మీదికి నడక.

ఆ దారి సైనికులు వేసింది. 1715లో హైలాండ్ తెగలు లండన్ రాజు మీద తిరగబడ్డాయి. దారుల్లేని ఆ కొండల్లోకి సైన్యం వెళ్లాలంటే రోడ్లు కావాలన్నాడు జనరల్ జార్జ్ వేడ్. సైనికులకు అదనపు కూలి ఇచ్చి పలుగూ పారా పట్టించాడు. దాదాపు 770 మీటర్ల ఎత్తున్న ఈ కనుమ మీదికి మెలికలు తిప్పి 1731లో రోడ్డు ఎక్కించాడు.

మావాడికిది వింత కాదు. చలికాలం వాళ్లు లంబసింగి వెళ్లేది ఇలాంటి దారి మీదే. ఆ ఘాట్ రోడ్డు పనిలో బాస్టియన్ అనే డిప్యూటీ తాసీల్దారు మన్యం జనాన్ని సరైన కూలి ఇవ్వకుండా పీడించడం 1922 రంప తిరుగుబాటుకు ఒక కారణం. అక్కడ రోడ్డే తిరుగుబాటు తెచ్చింది. ఇక్కడ తిరుగుబాటు రోడ్డు తెచ్చింది.

తెచ్చి ఏం లాభం! 1745 ఆగస్టులో మళ్లీ తిరుగుబాటు లేచినప్పుడు ఈ రోడ్డును ముందుగా వాడుకున్నది తిరుగుబాటుదార్లే. వాళ్లు కనుమ పట్టుకున్నారని తెలిసి సర్కారు సైన్యాన్ని నడిపిస్తున్న జనరల్ కోప్ పక్కకు తప్పుకుని ఇన్వర్నెస్ పోయాడు. ఎడింబరోకు దారి తెరుచుకుంది. మరుసటేడు ఏప్రిల్‌లో కలోడెన్ యుద్ధంలో తిరుగుబాటుదార్లు ఓడిపోవడంతో అంతా ముగిసింది. ఆ మైదానం మా ఇంటికి దగ్గరే. తర్వాత హైలాండ్ దుస్తులను కూడా నిషేధించారు. తెగ పెద్దలు క్రమంగా భూస్వాములయ్యారు. గొర్రెల కోసం సొంత జనాన్నే ఊళ్లు ఖాళీ చేయించారు. గొర్రెల తర్వాత వేట కోసం జింకలు. ఫొటోల్లో చూసి మావాడు "ఎంత ప్రశాంతంగా ఉందో" అంటాడు గానీ, ఈ కొండల్లో చాలా చోట్ల ఆ ప్రశాంతత ఇళ్లు పోయాక వచ్చిందే.

ఆడ జింకల వేట ఇప్పటికీ ఫిబ్రవరి 15 దాకా సాగుతుంది. అందుకే మా ప్రయాణం ఆ తర్వాతే. భూమి ఎవరిదైనా, ఎవరికీ నష్టం చేయకుండా నడవడానికీ సైకిల్ తొక్కడానికీ స్కాట్లండ్‌లో 2003 చట్టం హక్కిచ్చింది. ఇంగ్లండ్‌లో సైకిలుకు ఇంత స్వేచ్ఛ లేదు.

మిగిలినవి సామాన్లు: మంచు గొడ్డలి, బూట్లకు ఇనుప ముళ్లు, మేకుల టైర్లు, తలకు లైటు, కాగితం మ్యాపు. ముందురోజు సాయంత్రం మంచు చరియల హెచ్చరికలు చూడాలి. మధ్యాహ్నం ఒంటిగంటకు ఎక్కడున్నా వెనక్కి తిరగాలని మావాడితో ముందే ఒట్టు వేయించుకున్నాను. "అంత దూరం వచ్చి కనుమ చూడకుండానా?" అని గొణిగాడు. కోప్ దొర కూడా చూడలేదురా, నేరుగా ఇన్వర్నెస్ వచ్చేశాడు అన్నాను.