కౌస్ రేవున తెరచాపల కుట్టుపని

1851వ సంవత్సరము ఆగస్టు 22వ తేదీన, ఇంగ్లండు దక్షిణతీరమున నున్న వైట్ ద్వీపమును చుట్టివచ్చు పందెములో 'అమెరికా' యను న్యూయార్కు నౌక ఆంగ్లేయుల విహారనౌకల నన్నింటిని వెనుకవైచి గెలుపొందినది మొదలు, ఆ విజయము నౌక అడుగుభాగపు తీరు వలన కలిగినదా, తెరచాపల వలన కలిగినదా యను వాదము పోకయే యున్నది. అడుగుతీరునకు గల ప్రతిష్ఠను తగ్గింపబోను గాని, నా మొగ్గు తెరచాపల వైపునకే. ఆంగ్లేయులు వాడుచుండిన అవిసెనార గుడ్డ సాగి, గాలికి సంచివలె ఉబ్బుచుండెను. గాలి పలుచనైనపుడు నేత సందులగుండ అది జారిపోకుండుటకై తెరచాపలను నీటితో తడిపెడివారు. అమెరికా నౌకకు కట్టినదో, యంత్రముపై బిగువుగా నేసిన నూలుగుడ్డ. అది చదునుగా నిలిచి ఎదురుగాలికి ఓరగా సాగుటకు మిక్కిలి అనుకూలించెను.

చదును అన్నంతమాత్రమున బల్లపరుపని తలపరాదు. బల్లపరుపైన గుడ్డకు గాలిని పట్టి నడిపించు శక్తి చాలదు; దానికి కొలిచి పెట్టిన వంపు ఉండవలెను. ఆ వంపు గుడ్డలో లేదు, కత్తెరలో ఉన్నది. విశాలమైన కొయ్యనేలపై పూర్తి తెరచాప ఆకారమును గీచి, పలుచని కొయ్యబద్దను వంచి అంచురేఖ తీర్చి, ఒక్కొక్క గుడ్డపట్టీ ప్రక్కను కంటికి ఆననంత ఓరగా కోసి జోడించినయెడల, నేలపై పరచిన గుడ్డ కంబమున కెక్కినంతనే కడుపు తెచ్చుకొనును. ఆ ఓర వ్రేలెడు మించినను తెరచాప చెడును.

అంచుత్రాడు కుట్టుట మరింత కష్టము. పనివాడు బొటనవ్రేలి మొదట గుంటలుపడిన ఇనుపబిళ్ల గల తోలుతొడుగును అరచేతికి తొడిగి, తేనెమైనము పట్టించిన దారముతో మూడంచుల సూదిని నెట్టుచు, త్రాటి పేటను పొడవక, పేట క్రిందుగా పురి వెంబడి సూదిని దూర్చుచు, గుడ్డను కొంచెము కొంచెముగా వదులుచు కుట్టును. ఈదరగాలి లాగినపుడు బరువు త్రాటిపై పడవలెనే గాని గుడ్డపై పడరాదు.

ఈ విద్యలో పేరుమోసిన రాట్సీ కుటుంబము 1790లో వైట్ ద్వీపమందలి కౌస్ రేవున పని మొదలుపెట్టినది; గాస్పోర్టులోని లాప్‌థార్న్ వారితో కలిసి, 1902 నాటికి న్యూయార్కు సిటీ ఐలెండులోను కుట్టుశాల తెరచినది. 1893లో వేల్సు యువరాజునకై నిర్మించిన 'బ్రిటానియా'కు వారే తెరచాపలు కుట్టిరి. నూలు తెరచాపను అందుకొన్న యజమాని వెంటనే పందెమునకు పోరాదు. పిల్లగాలిలో ఎత్తి, మెల్లమెల్లగా సాగనిచ్చి, వర్షమున తడియనీయక పెంచుకొనవలెను. ధనవంతుల కీ ఓర్పు నేర్పుట కుట్టుటకంటె దుష్కరమై యుండును.

1941లో విన్‌ఫీల్డు, డిక్సన్ అను ఆంగ్లేయ రసాయనవేత్తలు కనుగొన్న టెరిలీన్, డేక్రాన్ అను పేర సముద్రము దాటి, 1950ల నాటికి నూలును పందెముల నుండి తరిమివేసెను. మసాచుసెట్స్‌లోని మార్బుల్‌హెడ్ వాడగు టెడ్ హుడ్ ఆ గుడ్డను తానే నేయించి, తెరచాపలు కుట్టి, 1974లో 'కరేజస్' నౌకకు సారథియై, ఆ 'అమెరికా' నౌక పేరనే నడచు అమెరికా కప్పు పందెమును గెలిచెను.

క్రొత్త గుడ్డ తడికి కుళ్లదు, సాగదు. దానికి వేరొక చిక్కు వచ్చినది. నూలులో దారము గుడ్డలోనికి దిగి దాగియుండెను. గట్టిదగు డేక్రాన్‌లో కుట్టు పైనే నిలిచి, త్రాళ్ల ఒరపిడికి, ఎండకు మొదట బలియగును. కనుక ఋతువు చివర తెరచాపలు బాగుచేయువారు మంచినీటితో ఉప్పు కడిగించి, కుట్టు వెంబడి గోటితో గీరిచూతురు. హుస్సేన్ సాగరుపై పరుగిడు చిన్న పడవలకును, మన యెండకు ఈ పరీక్షయే శరణ్యము. దారము పొడియై రాలినయెడల తిరిగి కుట్టించిన చాలును. గుడ్డయే ఎండకు పెళుసెక్కినచో, మంచి పనివాడు సూది పట్టడు, క్రొత్తదానికి కొలతలు తీసికొనును.