తీగ లాగే చేయి

వీణ ఆడపిల్లకి అందం, గిటార్ మగపిల్లాడికి ప్రతిభ. ఈ విభజన ఎవరు చేశారో తెలియదు కానీ మన ఇళ్లలో తరతరాలుగా అమలవుతూనే ఉంది. పెళ్లిచూపుల్లో "అమ్మాయికి వీణ వచ్చు" అనేది ఒక అర్హత. పెళ్లయ్యాక ఆ వీణ అటక ఎక్కితే ఎవరూ లోటు అనుకోరు. వచ్చా రాదా అన్నది లెక్క, ఎంత లోతుగా వచ్చునన్నది లెక్కలోకి రాదు.

నా పరిశోధన ప్రాచీన సాహిత్యంలో. మా ప్రాంతపు పాల్కురికి సోమనాథుడు 'పండితారాధ్య చరిత్ర'లో ఎన్ని రకాల వీణలను పేరు పేరునా చెప్పాడో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. గణపతిదేవుని గజసాహిణి జాయపసేనాని 13వ శతాబ్ది నడుమ 'నృత్తరత్నావళి' రాశాడు. 1213 నాటి రామప్ప గుడి రాతి మీద నాట్యం చేసే స్త్రీలు ఈనాటికీ కనిపిస్తారు. కవి పేరు, సేనాని పేరు, గుడి కట్టించిన రేచర్ల రుద్రుడి పేరు మనకు తెలుసు. ఆ శిల్పాలకు ఆధారమైన ఆడవాళ్లలో ఒక్కరి పేరూ తెలియదు. వాళ్ల సాధన శిల్పికి ఆకారమైంది, శాస్త్రకారుడికి లక్షణమైంది. వాళ్లకి చరిత్ర కాలేదు.

ఈ ప్రశ్నతోనే ప్రోగ్రెసివ్ రాక్ చరిత్ర దగ్గరికి వెళ్లాను. ముప్ఫయ్యేళ్లు దాటాక హన్మకొండలో గిటార్ నేర్చుకోవడం మొదలుపెట్టిన నాకు అది ఊరికే కుతూహలం కాదు. 1969లో ఇంగ్లండ్‌లో కింగ్ క్రిమ్సన్ బృందం మొదటి ఆల్బమ్ వచ్చింది. ఆ తర్వాత మూడు నిమిషాల పాట పోయి ఇరవై నిమిషాల రచనలు వచ్చాయి. నాలుగు లెక్కల తాళం పక్కన ఐదు, ఏడు లెక్కలు చేరాయి. 1973లో వచ్చిన పింక్ ఫ్లాయిడ్ 'మనీ' ఏడు లెక్కల్లో నడుస్తుంది, గిటార్ సోలో దగ్గర మాత్రం నాలుగుకి మారుతుంది. అది ప్రయోగమని రాక్ చరిత్రలు రాస్తాయి. మిశ్రచాపులో "తకిట తకధిమి" అని తొడ మీద తాళం వేసుకుంటూ, పొయ్యి మీద కూర చూసుకుంటూ పాడిన మన అమ్మమ్మలకి ఆ ఏడు కొత్త కాదు.

కింగ్ క్రిమ్సన్ గిటారిస్టు రాబర్ట్ ఫ్రిప్ వేదిక మీద కూర్చుని వాయించడం ఆయన ప్రత్యేకతగా పేరు పొందింది. 1985 నుంచి ఆయన 'గిటార్ క్రాఫ్ట్' పేరుతో శిక్షణ శిబిరాలు నడిపాడు. ఎలా కూర్చోవాలి, వేలికి ఎంత బలం చాలు, మనసు ఎక్కడ ఉండాలి అన్నవి అక్కడి పాఠాలు. మన వీణ గురువులు చెప్పేవీ ఇవే కదా! అక్కడ దానికి టెక్నిక్ అని పేరు, ఇక్కడ ఆడపిల్ల ఒద్దిక అని పేరు.

ఇంకా నేరుగా కలిసే చోటు ఉంది. మహావిష్ణు ఆర్కెస్ట్రా స్థాపించిన జాన్ మెక్‌లాఫ్లిన్ అమెరికాలో ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చుకున్నాడు. తర్వాత 'శక్తి' బృందం కోసం మెట్ల మధ్య చెక్కను లోతుగా చెక్కిన గిటార్ చేయించుకున్నాడు. తీగను పక్కకు లాగి గమకం పలికించడానికే ఆ ఏర్పాటు. వీణలో ఇరవైనాలుగు మెట్లు, నాలుగు వాయించే తీగలు, మూడు తాళపు తీగలు. ఒకే మెట్టు మీద తీగ లాగి రెండు మూడు స్వరాలు పలికించడం అక్కడ తొలి పాఠాల్లోనే మొదలవుతుంది. వీణ ధనమ్మాళ్ (1867-1938) క్షేత్రయ్య పదాలనూ జావళీలనూ ఆ లాగుడులోనే బతికించింది. గిటార్ ప్రపంచం ఈ చేతుల్ని గుర్తించిందా?

టెక్నిక్ ముందా, భావం ముందా అని గిటార్ వాళ్లు వాదించుకుంటారు. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ జీవితం దీనికి జవాబు చెబుతుంది. గురువు రుద్రరాజు సుబ్బరాజుకి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడితే పిల్లవాడు వాయించాడు. ఆ వాద్యం మీద కర్ణాటక సంగీతానికి అనుసరించదగిన దారి లేదు, గొంతే దారి అయింది. వేళ్లు గొంతుని వెతుక్కుంటూ వెళ్లి కొత్త టెక్నిక్ కట్టుకున్నాయి. అంటే భావాన్ని పట్టుకోవాలన్న తపనే టెక్నిక్‌ని పుట్టిస్తుంది. అయితే ఆరేళ్ల వయసులో తండ్రి వాద్యం అందుకున్న ఆ పిల్లవాడి చుట్టూ ఇల్లంతా నిలబడింది. ఆయన ప్రతిభని తగ్గించడానికి ఈ మాట అనడం లేదు. అలా నిలబడే ఇల్లు ఎంతమంది ఆడపిల్లలకు దొరికింది అని అడుగుతున్నాను.

అమెరికాలో నల్లజాతి స్త్రీ ఎలిజబెత్ కాటన్ (1893-1987) ఎడమచేతి వాటం మనిషి. కుడిచేతి వాళ్ల గిటార్‌ని తిరగేసి పట్టుకుని, వేళ్లతో మంద్రం, బొటనవేలితో రాగం వాయించే పద్ధతి తనే కనిపెట్టుకుంది. చిన్న వయసులో పెళ్లయింది. చర్చి, ఇంటి చాకిరీ మధ్య గిటార్ దశాబ్దాల పాటు మూలపడింది. ఇతరుల ఇంట్లో పనిచేస్తూ మళ్లీ గిటార్ పట్టుకుంది. మొదటి ఆల్బమ్ 1958లో వచ్చేసరికి ఆమెకు అరవై దాటాయి. 1985లో గ్రామీ వచ్చింది. ఈ కథని స్ఫూర్తిగా చెప్పుకోవడం సులువు. మధ్యలో పోయిన ఆ దశాబ్దాల సంగీతాన్ని ఎవరు లెక్కగడతారు?

సాధనకి కావలసింది ప్రతిభ ఒక్కటే కాదు, ఎవరూ పిలవని ఒక గంట కావాలి. మెట్రోనోమ్‌ని నెమ్మదిగా పెట్టి, ఒకే పలుకుని వందసార్లు వాయించి, నూటొకటోసారి అది నా గొంతులా వినిపించేదాకా కూర్చోవడానికి ఆ గంట కావాలి. వేలి కొసలు కాయ కాయడానికి వారాలు పడుతుంది, పది రోజులు మానేస్తే మెత్తబడిపోతాయి. స్త్రీల కళాచరిత్ర రాసేటప్పుడు మనం పేర్లతో పాటు ఆ మెత్తబడిపోయిన వేళ్లని కూడా వెతకాలి. అటకల మీద వీణలు ఇంకా ఉన్నాయి. వాటిని వాయించిన వాళ్లూ కొందరు ఇంకా ఉన్నారు. వెళ్లి అడుగుదాం: ఏం వాయించేవారు, ఎప్పుడు ఆపేశారు, ఎందుకు?