దుండిగల్‌లో తెరుచుకున్న తలుపు

ఫైటర్ విమానం అనగానే మనకి ఎక్కడో ఢిల్లీ గుర్తొస్తుంది. కానీ ఈ కథ మన హైదరాబాద్ పక్కనున్న దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీది. 2016 జూన్ 18న అక్కడే అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ దేశంలో మొదటి మహిళా ఫైటర్ పైలట్లయ్యారు.

అంతకుముందు ఆడపిల్లలు లేక కాదు. 1990ల నుంచే రవాణా విమానాలు, హెలికాప్టర్లు నడిపారు. 1999 కార్గిల్ యుద్ధంలో గుంజన్ సక్సేనా చీతా హెలికాప్టర్ నడిపింది. ఫైటర్ మాత్రం వాళ్ళ చేతికి ఇవ్వలేదు. ఇరవై ఏళ్ళకి పైగా!

అవని చదువుకున్నది మధ్యప్రదేశ్ షహ్‌డోల్ జిల్లాలో, దేవ్‌లోంద్ అనే చిన్న ఊళ్ళో. గోండులు, బైగాలు ఉండే జిల్లా అది. ఆమె మాత్రం ఆదివాసీ కాదు, వాళ్ళ నాన్న ఇంజనీరు. ఆ తేడా మనం దాచక్కర్లేదు. 2018 ఫిబ్రవరిలో జామ్‌నగర్‌లో మిగ్-21 బైసన్‌ని ఒంటరిగా నడిపింది. అందులో సీటు ఒక్కటే, తప్పు చేస్తే సరిదిద్దే ఇన్‌స్ట్రక్టర్ ఉండడు. దిగేటప్పుడే వేగం గంటకి సుమారు 340 కిలోమీటర్లు. తర్వాత సుఖోయ్-30కి మారి, 2023లో జపాన్‌లో వీర్ గార్డియన్ విన్యాసాలకి వెళ్ళింది.

అమలాపురంలో హాస్టల్లో ఉండి పది పాసైన మన చెల్లెళ్ళకి "లెక్కలు నీవల్ల కాదు, వేరే గ్రూపు తీసుకో" అనేవాళ్ళు ఉంటారు. ఫ్లయింగ్ బ్రాంచికి ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండాల్సిందే. 2021 నవంబరు నుంచి ఎన్డీఏ పరీక్ష కూడా అమ్మాయిలు రాస్తున్నారు. గ్రూపు మార్చే ముందు ఇంట్లో ఇది ఒకసారి చదివి వినిపించండి.