‘ఊరికే ఇచ్చాను సార్’ అంటే చెల్లదు: ఇంట్లో కలిపిన వేప్ లిక్విడ్, చట్టం చెప్పేది

తల్లిదండ్రులకు, హైస్కూలు, పీయూసీ విద్యార్థులకు

“నేను అమ్మలేదు సార్, ఫ్రెండ్‌కి ఊరికే ఇచ్చాను.” సంచిలో వేప్ దొరికినప్పుడు పిల్లల నోట ముందుగా వచ్చే మాట ఇదే. డబ్బు తీసుకోకపోతే తప్పు లేదని, ఇంట్లో మనమే కలుపుకుంటే ఎవరికీ పట్టదని, మైనర్లకు చట్టం వర్తించదని చాలామంది నమ్మకం. ఈ మూడూ పొరపాటే. ఎందుకో కింద వివరంగా రాశాం. పిల్లలూ పెద్దలూ కలిసి కూర్చుని చదివితే ఇంకా మంచిది.

వేప్ అంటే

ఇంట్లో అవ్వాతాతలకు ‘వేప్’ అంటే వేపాకు గుర్తుకు రావచ్చు. దానికీ దీనికీ సంబంధం లేదు. ఇది బ్యాటరీతో నడిచే చిన్న పరికరం. లోపల ఉన్న లిక్విడ్‌ను వేడి చేస్తే ఆవిరిలాంటిది వస్తుంది, దాన్ని పీలుస్తారు. పెన్నులాగో పెన్‌డ్రైవ్‌లాగో ఉంటుంది. పండ్ల వాసన వస్తుంది కాబట్టి ఇంట్లో అనుమానం రాదు. లిక్విడ్‌లో ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, వాసన ద్రవ్యాలు ఉంటాయి. చాలావాటిలో నికోటిన్ కూడా ఉంటుంది.

2019 చట్టం ఏమంటుంది

మన కర్ణాటక 2016లోనే, తమిళనాడు 2018లో ఈ-సిగరెట్లను నిషేధించాయి. తర్వాత 2019 సెప్టెంబర్ 18న కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చింది. ఆ డిసెంబర్‌లో అది దేశమంతటికీ వర్తించే చట్టమైంది. దీని కింద ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, నిల్వ, ప్రకటన అన్నీ నిషేధం. నికోటిన్ ఉన్నా లేకపోయినా తేడా లేదు. “మాది నికోటిన్ లేనిది” అనే మాట ఇక్కడ పనికిరాదు.

ఇందులో నాలుగు మాటలకు చట్టం ఇచ్చిన అర్థం బాగా గుర్తుపెట్టుకోండి.

పంపిణీ: శాంపిల్‌గా ఇచ్చినా పంపిణీయే, అదీ ఉచితమైనా సరే. ‘ఊరికే ఇచ్చాను’ అనే మాట చెల్లనిది ఇక్కడే.

అమ్మకం: నగదే కానక్కర్లేదు. అప్పుకిచ్చినా, ఒక వస్తువుకి మరో వస్తువు మార్చుకున్నా, అమ్ముతానని చెప్పినా అమ్మకం కిందికే వస్తుంది. ఆన్‌లైన్‌లో చేసినా అంతే.

తయారీ: ఫ్యాక్టరీయే అక్కర్లేదు. ఈ-సిగరెట్‌ను గానీ దానిలో ఏ భాగాన్ని గానీ తయారుచేయడం, బిగించడం, దానికి అనుబంధంగా చేసే పనులు కూడా తయారీయే.

ప్రకటన: సోషల్ మీడియా కూడా ఇందులో ఉంది. “కొత్త ఫ్లేవర్ వచ్చింది, కావాలంటే మెసేజ్ పెట్టండి” అని సీసా ఫొటోతో వాట్సాప్ స్టేటస్ పెడితే అదీ ప్రకటనే అవుతుంది.

శిక్ష: మొదటిసారి ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా. సబ్-ఇన్‌స్పెక్టర్, ఆ పై అధికారులు సోదా చేసి సరుకు స్వాధీనం చేసుకోవచ్చు.

“నేనిచ్చింది లిక్విడ్ ఒక్కటే, పరికరం కాదు గదా?”

తెలివైన ప్రశ్నే. చట్టం ఈ-సిగరెట్‌ను పరికరంగానే నిర్వచించింది. కాబట్టి లాయరు ఇలా వాదించే వీలుంది. కానీ అదే చట్టం ‘నేరుగా గానీ పరోక్షంగా గానీ’, ‘పూర్తి వస్తువు గానీ దానిలో ఏ భాగమైనా గానీ’ అని కూడా అంటుంది. ఆ పరికరంలో పోయడానికే కలిపిన లిక్విడ్‌ను ఇందులోంచి తప్పించడం అంత సులువు కాదు. పైగా ఆ వాదన జరిగేది కేసు పెట్టిన తర్వాత, కోర్టులో. అప్పటికి పరీక్షలూ పోతాయి, ఇంట్లో మనశ్శాంతీ పోతుంది.

ఇంకో సంగతి. కర్ణాటకలో నికోటిన్‌ను 2019లో ‘ఎ’ తరగతి విషంగా ప్రకటించారు. విడిగా నికోటిన్ తెప్పించి ఇంట్లో పెట్టుకుంటే, ఈ-సిగరెట్ చట్టంతో పని లేకుండానే విషాల నిబంధనలు అడ్డొస్తాయి.

గంజాయి నూనె కలిస్తే

అప్పుడు కథే మారిపోతుంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వస్తుంది. ఆ చట్టంలో శిక్ష సరుకు బరువును బట్టి ఉంటుంది. కలిపిన గ్లిజరిన్ లాంటి మామూలు ద్రవం బరువునూ లెక్కలోకి తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2020లో హీరా సింగ్ కేసులో చెప్పింది. అంటే సీసాలో చుక్క మందు, మిగతాదంతా గ్లిజరిన్ అయినా తూకం సీసాలో ఉన్న మొత్తానికి పడొచ్చు. తనలో ఏం కలిసిందో తెలియని సీసాను స్నేహితుడి కోసం సంచిలో పెట్టుకుని తిరగడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

తాగినవాడికి ఏమైనా అయితే

ఇంట్లో కలిపినదానికి కొలత ఉండదు, పరీక్ష ఉండదు. తినడానికి పనికొచ్చే వాసన ద్రవ్యం పీల్చడానికి కూడా పనికొస్తుందని అనుకోకూడదు. 2019–20లో అమెరికాలో వేపింగ్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిన్న కేసులు 2,807 నమోదయ్యాయి. 68 మంది చనిపోయారు. ముఖ్యంగా బయటపడిన కారణం, గంజాయి లిక్విడ్‌ను చిక్కబరచడానికి కలిపిన విటమిన్ ఇ అసిటేట్. ఆ లిక్విడ్ ఎక్కువమందికి దుకాణంలో కాదు, స్నేహితుల దగ్గరా తెలిసినవాళ్ల దగ్గరా దొరికింది. చిక్కటి నికోటిన్ అయితే పీల్చనే అక్కర్లేదు. చర్మం మీద పడినా ఒంట్లోకి వెళుతుంది. చిన్నపిల్లలు మింగితే ప్రాణానికే ముప్పు.

ఇలా ఎవరికైనా హాని జరిగితే భారతీయ న్యాయ సంహిత వస్తుంది. విషపదార్థంతో నిర్లక్ష్యంగా ఉన్నందుకు సెక్షన్ 286 కింద ఆరు నెలల వరకు, ఎదుటివాళ్లకు తీవ్రమైన గాయమైతే సెక్షన్ 125 కింద మూడేళ్ల వరకు, నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే సెక్షన్ 106 కింద ఐదేళ్ల వరకు జైలు పడొచ్చు. “వాడే అడిగాడు, వాడి ఇష్టంతోనే తాగాడు” అన్నంత మాత్రాన బాధ్యత తీరిపోదు. నష్టపరిహారం కోసం సివిల్ దావా వేసే హక్కు కూడా ఆ కుటుంబానికి ఉంటుంది.

మైనర్లయితే

పద్దెనిమిది నిండనివాళ్లను పోలీసు లాకప్‌లో గానీ జైల్లో గానీ పెట్టకూడదు. విషయం బాలల న్యాయ మండలి ముందుకు వెళుతుంది. మండలి మందలించి పంపవచ్చు, కౌన్సెలింగ్‌కు పంపవచ్చు, సమాజ సేవ చేయమనవచ్చు. జరిమానా వేస్తే దాన్ని తల్లిదండ్రులు కట్టాలని కూడా ఆదేశించవచ్చు. కాబట్టి మైనర్లకు చట్టం వర్తించదు అనేది నిజం కాదు. వర్తించే పద్ధతి వేరు, అంతే.

పద్దెనిమిది దాటిన అన్నలకు, అక్కలకు ఆ వెసులుబాటు లేదు. పిల్లలకు పొగాకు ఉత్పత్తులు ఇస్తే బాలల న్యాయ చట్టం సెక్షన్ 77 కింద ఏడేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష వరకు జరిమానా ఉన్నాయి. నికోటిన్‌ను ఎక్కువగా పొగాకు నుంచే తీస్తారు కాబట్టి ఈ సెక్షన్ కూడా పెట్టే అవకాశం ఉంటుంది.

ఇంటి పెద్దలకూ ఒక మాట. తమ ఇంట్లో ఈ సరుకు నిల్వ ఉందని తెలిసీ ఊరుకుంటే అదీ నేరమే. ఆరు నెలల వరకు జైలు, లేదా యాభై వేల వరకు జరిమానా, లేదా రెండూ. “పోనీలే, చదువుకునే పిల్లాడు” అని బీరువాలో దాచిపెట్టడం పిల్లాడికి చేసే మేలు కాదు.

ఇప్పుడు ఏం చేయాలి

పిల్లలకు: ఎవరికైనా ఇచ్చి ఉంటే ఇక్కడితో ఆపండి. తీసుకున్నవాళ్లకు “అది తాగొద్దు” అని ఈరోజే చెప్పండి. ఎవరికైనా ఊపిరి ఆడకపోయినా, వాంతులైనా, స్పృహ తప్పినా వెంటనే 108కి ఫోన్ చేసి, ఏం కలిపారో డాక్టరుకు దాచకుండా చెప్పండి. మీకు పడే తిట్ల కంటే ఆ ప్రాణం పెద్దది.

పెద్దలకు: కొట్టకండి, ఊరంతా చాటకండి. భయపడిన పిల్లలు చెప్పడం మానేస్తారు గానీ చేయడం మానరు. క్లాస్ టీచరుతోనో, మీకు నమ్మకమున్న డాక్టరుతోనో మాట్లాడండి.

ఉపయోగపడే నంబర్లు: పొగాకు మానడానికి 1800-11-2356. పిల్లల సహాయానికి 1098. మానసిక సహాయానికి టెలీ మానస్ 14416. న్యాయ సహాయానికి 15100. పిల్లలకు, మహిళలకు ఇది చట్టప్రకారం ఉచితం.

స్నేహితుడు చెయ్యి చాపినప్పుడు లేదనడం కష్టమే. కానీ ఆ సీసాలో ఏముందో కలిపినవాడికే సరిగ్గా తెలియదు. తెలియనిదాన్ని స్నేహితుడి చేతిలో పెట్టకండి.