అమ్మమ్మ పాత్రల వెనక పంతులమ్మ

జోహ్రా సెహగల్ అనగానే మనలో చాలామందికి 2007లో వచ్చిన ‘చీనీ కమ్’లోని గడుసు ముసలమ్మే గుర్తొస్తుంది. ముద్దుగా ‘అమ్మమ్మ’ అని పిలుచుకుని, ఆ స్త్రీ అంతకు ముందు చేసిన పనినంతా మర్చిపోవడం మనకు బాగా అలవాటు. నాకిది కష్టంగా ఉంటుంది.

1912లో పుట్టిన జోహ్రా 1930లలో జర్మనీ వెళ్లి మేరీ విగ్మన్ పాఠశాలలో ఆధునిక నృత్యం నేర్చుకుంది. 1935లో ఉదయ్ శంకర్ బృందంలో చేరింది. ఆల్మోరాలో ఆయన స్థాపించిన కేంద్రంలో ఆమె అధ్యాపకురాలు. ఆ కేంద్రం చరిత్ర చెప్పేటప్పుడు మాత్రం ఆయన పేరు దగ్గరే ఆగిపోతాం. నేర్పిన వాళ్ల పేర్లు ఎవరిక్కావాలి! అక్కడ చదువుకున్న గురుదత్ 1951లో ‘బాజీ’ తీస్తే అందులో నృత్యాలు కూర్చింది జోహ్రాయే.

పెళ్లయ్యాక, భర్త కామేశ్వర్ పేరూ తన పేరూ కలిపి లాహోర్‌లో ‘జోరేష్’ నృత్యశాల పెట్టింది. మతవిద్వేషాలు ముదిరి అది మూతపడింది. 1945లో పృథ్వీ థియేటర్స్‌లో చేరి పద్నాలుగేళ్లు ఊరూరా తిరిగింది. నటిగా మనకు తెలిసిన జోహ్రా అక్కడ తయారైంది. 1959లో భర్త చనిపోయాడు. ఢిల్లీలో నాట్య అకాడమీ బాధ్యత తీసుకుంది.

1962లో, యాభై ఏళ్ల వయసులో, ఉపకారవేతనం మీద లండన్ వెళ్లింది, నాటకం చదువుకోవడానికి! అక్కడా రామ్ గోపాల్ పాఠశాలలో ఉదయ్ శంకర్ పద్ధతి నేర్పింది. ‘ది జ్యుయెల్ ఇన్ ది క్రౌన్’ ధారావాహికలో ఆమెను ప్రపంచం చూసేసరికి 1984 వచ్చింది.