జిల్లా మీదైతే జాగ ఎవరిది?

మేడ్చల్, షామీర్‌పేట చుట్టుపక్కల పల్లెల్లో ఇంటికి ఉండేది దర్వాజ. ఇల్లు కట్టుకునేది జాగ. మనసు చెదిరితే పరేషాన్. ఇవి మసీదుకు పోయేవాళ్ల మాటలు మాత్రమే కావు. బోనమెత్తే తల్లి నోట్లోనూ ఇవే. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఈ భాషను 'తౌరక్యాంధ్రం' అని వెక్కిరించినవాళ్లున్నారు. సినిమాలు దీన్ని రౌడీకీ, నవ్వులాటగాడికీ అంటగట్టాయి. ఒక్క తిట్టు ఇద్దరికి తగిలింది: తెలంగాణవాడి తెలుగు చెడిందన్నారు, చెడగొట్టింది తురకలన్నారు.

సరే, లెక్క చూద్దాం. 2016 అక్టోబర్ 11న మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పడింది. 2022లో షామీర్‌పేట మండలం అంతాయిపల్లిలో కలెక్టరేట్ భవనం తెరిచారు. బోర్డు మీది 'జిల్లా' అరబ్బీ మాట. మొదటి అర్థం పక్కటెముక. ఆ తర్వాత పక్క, ఆ తర్వాత రాజ్యంలో ఒక భాగం. అక్కడికి మనం పట్టుకుపోయేది ఫిర్యాదు. ఫార్సీలో అది మొర, ఆర్తనాదం. కచేరీకి వచ్చి కాగితమైంది. 'రైతు' కథ ఇంకా చిత్రం. అరబ్బీ 'రఇయ్యత్' అంటే కాపరి కాసే మంద. తర్వాత పాలకుడి కింది ప్రజ, ఆపైన శిస్తు కట్టే సాగుదారు. గుంటూరులోనూ రైతే, గోదావరి ఒడ్డునా రైతే. దాన్నెవరూ తురక మాట అనరు. సర్కారు కాగితం మీదుంటే తెలుగు, పేదోడి నోట్లో ఉంటే తురకం!

'తురక' కూడా మొదట మతం పేరు కాదు. తుర్కు జాతివాడు తురుష్కుడు. విజయనగర రాజులు సుల్తాన్ అన్న మాటనే 'సురత్రాణ' చేసి, 'హిందూరాయ సురత్రాణ' అని బిరుదు తగిలించుకున్నారు. ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల సాయిబు మధ్య ఆసియాను కలలో కూడా చూడలేదు. ఊరికి మాత్రం అతనూ తురకే.

పదహారో శతాబ్దంలో అచ్చ తెలుగులో కావ్యం రాయడానికి పూనుకున్న పొన్నికంటి తెలగన, తన 'యయాతి చరిత్ర'ను ఎవరికి అంకితమిచ్చాడు? కుతుబ్‌షాహీ కాలపు పటాన్‌చెరు అధికారి అమీన్‌ఖాన్‌కు.

ఇచ్చిపుచ్చుకోవడం ఒకవైపే జరగలేదు. దక్కనీలో 'ఆతూఁ బోల్‌కే బోల్యా' అంటాం. 'వస్త అని చెప్పిండు' అన్న తెలుగు వాక్యమే అది. మాటలు ఉర్దూవి, నడక తెలుగుది. ఇప్పుడు ఎవరివి వాళ్లకు పంచమంటారా? అయితే ముందు ఆ జిల్లా బోర్డు దించండి. రైతుకు ఇంకో పేరు వెతకండి.